వాగు వైపు తిప్పిన పడవ

జీపు చెడిపోయి మలేరియా శాఖవాళ్ళు వెళ్ళిపోయినప్పుడు, దాని వెనక తగిలించే రెండు చక్రాల చిన్న ట్రైలరును మా బడి ఆవరణలో వదిలిపోయారు. మందు డబ్బాలు మోసే బండి. దానికి జవాబుదారీ నాదే. ఆ ఉదయం ఊరి వడ్రంగి వడ్ల వీరాచారి దాని పక్క రేకులు ఊడదీస్తుంటే నేను వద్దనలేదు.

"సర్కారు సొమ్ము సారూ. రేపొచ్చి అడిగితే ఏమంటరు?"

"నేను చెప్పుకుంట. నువ్వు కొట్టు చారీ."

దుందుభి వాగు రాత్రంతా పెరిగి గట్లను ఒరుసుకుని పారుతోంది. అవతలి గొల్లగూడెంలో మల్లన్న భార్య యాదలక్ష్మి నిన్నటినుంచి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్పిన మాటను అవతలి గట్టు మీదినుంచి కేకవేసి మాకు తెలియజేశారు. అంగడికి వచ్చిన మల్లన్న తన ఎడ్లతో సహా ఇవతలే చిక్కుకున్నాడు. యాదలక్ష్మిని వాగు దాటించి కల్వకుర్తి దవాఖానకు చేర్చాలి. అది ఈదగలిగే నీరు కాదు. ఊళ్ళో ఉన్నది ఒక్క పడవ. అది బెస్త మైసయ్యది, ఊరికి ఎగువన చెరువులో ఉంది.

పోయిన వానాకాలం నా భార్య సుగుణమ్మకు కాన్పు కష్టమైనప్పుడూ ఇదే వాగు, ఇదే పడవ. అప్పుడు మేము గొల్లగూడెంలో ఉండేవాళ్ళం. నేను బడికి వచ్చి ఇవతల ఉండిపోయాను. పడవను ఎడ్లబండి మీదికి ఎక్కించి తెస్తుంటే, వాగులోకి దిగే బాటలో కర్ర ఇరుసు విరిగింది. ఇంకో బండి దొరికేసరికి అవతలినుంచి వినబడే అరుపులు ఆగిపోయాయి. సుగుణమ్మ దక్కలేదు.

ఈ ట్రైలరుకు ఇనుప ఇరుసు ఉంది, రబ్బరు చక్రాలున్నాయి. కానీ పడవ పొడవులో అది సగమైనా లేదు. వీరాచారి రెండు తాటి దూలాలను నిలువుగా పరిచి, గొలుసులతో ఇరుసుకు బిగించాడు. జీపుకు తగిలించే కొక్కెం దగ్గర పొడవాటి కర్రను బోల్టులతో బిగించి, దాని కొసకు కాడి కట్టాడు. పడవ అడుగు ఒరిగిపోకుండా గోనెసంచుల్లో గడ్డి కూరి దూలాల మీద పరిచాము.

మల్లన్న పక్కనే నిలబడి ప్రతి సుత్తి దెబ్బనూ చూస్తున్నాడు.

"గొర్లను లెక్కవెట్టినట్టు గట్ల జూడకు మల్లన్నా. మొల వంకర పోతది," అన్నాడు వీరాచారి.

"జర జల్ది కానియ్యే," అన్నాడు మల్లన్న.

చెరువు దగ్గర మైసయ్య ఒక్క మాట మీద ఆగాడు. పడవ ముఖం చెరువు వైపే ఉండాలన్నాడు. నీళ్ళనుంచి తీసిన పడవ గంగకు వీపు చూపకూడదు. వాళ్ళ తాత కాలంనుంచీ ఉన్న కట్టడి అది.

"గట్లయితే తోక ముందటికొస్తది," అన్నాడు వీరాచారి. "తోక పలక మందం. ఆ బరువంత ఎడ్ల మెడల మీద వడ్తది."

"ముఖం తిప్పితే నేను తెడ్డు వట్ట. గంత తెలిసినోనివి, నువ్వే వట్టు."

తెడ్డు పట్టగలవాడు అతనొక్కడే. నేను ఎక్కించమన్నాను.

చదును నేల మీద బండి సాగింది. తాళ్ళు కిర్రుమంటుంటే నా చూపు ఇరుసు మీదే ఉంది. ఇనుము కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. వాగు బాట దిగువకు వాలగానే బరువంతా ముందుకు వచ్చింది. వలపటి ఎద్దు మోకాళ్ళ మీద కూలింది. మల్లన్న కాడి కింద భుజం పెట్టాడు. నేనూ వీరాచారీ వెనకనుంచి తాడు పట్టి లాగాము. బండి ఆగింది. మట్టిలో సగం కూరుకున్న కర్ర ఇరుసు ముక్క నా కాలి పక్కనే ఉంది. చూడకుండా దాటిపోదామనుకున్న చోటే ఆగాము.

"తిప్పాలె మైసయ్యా," అన్నాడు వీరాచారి. "లేకుంటే ఎద్దు సస్తది. పడవ ఈడనే ఉంటది."

మైసయ్య పడవ మీద చెయ్యి వేసి అడ్డంగా తల ఊపాడు. అప్పటిదాకా గూడెంనుంచి యాదలక్ష్మి అరుపులు వాగు హోరు మీదుగా సన్నగా వినబడుతున్నాయి. అవి ఆగిపోయాయి.

మల్లన్న కాడి కిందినుంచి తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ నిశ్శబ్దం ఎలాంటిదో నాకు తెలుసునని అతనికి తెలుసు. నేను తల తిప్పుకున్నాను.

బాట పక్కన చిన్న కాలువలో ఎర్రనీళ్ళు పరుగెడుతున్నాయి. పొద్దున అలుగు దూకిన చెరువు నీళ్ళే అవి, వాగులోకి పోతున్నాయి. మైసయ్య వంగి దోసిలి పట్టాడు. ఆ నీళ్ళు పడవ ముక్కు మీద పోశాడు.

"గంగనే మనకన్న ముందు వోతాంది," అన్నాడు. "ఇగ ముఖం గటే. తిప్పుండ్రి."

కట్లు విప్పాము. నలుగురమూ కలిసి, గోనెసంచుల మీద పడవను అంగుళం అంగుళంగా తిప్పాము. కాలు జారి మైసయ్య మోచెయ్యి చీరుకుపోయింది, అతను పట్టించుకోలేదు. మళ్ళీ కట్టేసరికి బరువు వెనక్కి పోయి కాడి పైకి లేచింది. మెడతాళ్ళు ఎడ్ల గొంతులను బిగించాయి.

"సారూ, మీరు ముక్కు మీద కూసోండ్రి. కాడి దిగుతది," అన్నాడు వీరాచారి.

ఎక్కి కూర్చున్నాను. కాడి దిగింది. ఎద్దు లేచింది. వాగుకు ఎదురుగా కూర్చుని ఆ బాట దిగాను.

మైసయ్యా మల్లన్నా పడవను నీళ్ళలోకి దించి గట్టు వెంట ఎగువకు లాక్కుపోయి, అక్కడ ఎక్కి వదిలారు. ప్రవాహం వాళ్ళను ఏటవాలుగా ఈడ్చుకుపోయింది. ఒకసారి పడవ నాకు కనబడలేదు. వీరాచారి ఏదో అంటున్నాడు. నాకు వినబడలేదు. తర్వాత అవతలి రెల్లు పొదల్లో పడవ ముక్కు కనబడింది.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో యాదలక్ష్మి పడుకుని ఉంది. ఆమె నోట్లో గుడ్డ ఉంది. పక్కన ఆమె అత్త నర్సింగమ్మ.

"అరిస్తే బలం వోతాందని నేనే వెట్టిన," అంది నర్సింగమ్మ. ఆ మాట నన్ను చూసే అంది.

యాదలక్ష్మిని దించలేదు. ఆమెతో సహా పడవను నీళ్ళలోనే ట్రైలరు మీదికి ఎక్కించి కట్టాము. నర్సింగమ్మను ముక్కు మీద కూర్చోబెట్టాము.

"ముసల్దాన్ని బరువుకు వెట్టిండ్రా?" అంది ఆమె.

"కదలకు అత్తా," అన్నాడు వీరాచారి. "నువ్వు దిగితే బండి లేస్తది."

గట్టు ఎక్కుతుంటే యాదలక్ష్మి నోట్లోని గుడ్డ తీసేసి మూలిగింది. ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు. పడవ అంచు మీద ఆమె వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. ఆ మూలుగు ఆగకూడదని కోరుకుంటూ వెనక నడిచాను. విరిగిన ఇరుసు ముక్కను దాటాము. రోడ్డు మీద ఒక లారీ ఆగి ఆమెను దవాఖానకు ఎక్కించుకుపోయింది.

తల్లీ బిడ్డా దక్కారని సాయంత్రం కబురు వచ్చింది. నేను బడి తలుపు వేసి కొంతసేపు లోపలే ఉన్నాను.

మలేరియావాళ్ళ ట్రైలరుకు రేకులు ఇంకా బిగించలేదు. వానలు వెనకబట్టేదాకా పడవ దాని మీదే, బడి ఆవరణలోనే ఉంటుంది. మైసయ్య వచ్చి దాని ముఖం వాగు వైపు తిప్పి పెట్టిపోయాడు.