పొద్దెక్కాకే రావలసిన బండి

ఆ ఊళ్ళో గుర్రం కనపడి ఒక తరం దాటిపోయింది. అయినా చెత్తబండి గుర్రం న్యాయస్థానం ముందు ఆగినప్పుడు దాని తోక కింద గంప పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలన్న నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు. గంపలు ఏటా కొంటూనే ఉన్నారు. పురపాలక కార్యాలయం గుమాస్తాలు వాటిలో గొడుగులు పెట్టుకుంటున్నారు. ఇళ్ళలోంచి వచ్చే బూడిదను ఇన్‌స్పెక్టరు స్వయంగా చేత్తో ముట్టుకుని, కాలకపోతేనే బండిలో వేయించాలని ఇంకో నిబంధన. చచ్చిన కాకిని చూసినవాడు ఆఫీసుకు వచ్చి ఆ కబురు తన నోటితో చెప్పాలని మరొకటి. కాలం చెల్లిన ఈ సరుకంతా ఏరి పారేయమని పైనుంచి హుకుం వచ్చింది. ఆ పని న్యాయ విభాగంలో ఉన్న కోడలి నెత్తిన పడింది.

ఆమెకు ఆఫీసులో హోదా ఉంది, సొంత గది ఉంది, తలుపు మీద పేరు పలక ఉంది. అయినా వెనకాల అందరూ ఆమెను కోడలు అనే అంటారు. ఎందుకంటే ఆ నిబంధనల్లో సగానికి పైగా రాసింది ఆమె మామగారే. ఆయన ఆ ఊరి పారిశుద్ధ్య అధికారిగా చేసి రిటైరయ్యారు. మనిషి మితభాషి. మాట్లాడాల్సిందంతా ఉద్యోగంలో ఉండగా నిబంధనల్లో రాసేసి, ఇంటికి ఏమీ మిగల్చలేదని అత్తగారు అంటూ ఉంటారు.

గుర్రం నిబంధన కొట్టేయడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. బూడిదా పోయింది, కాకీ పోయింది. చిక్కంతా ఇరవై రెండో నిబంధన దగ్గర వచ్చింది. ఇళ్ళ కప్పుల మీద ఎండ పడేదాకా చెత్తబండి ఏ వీధిలోనూ అడుగు పెట్టకూడదు. రాసింది ఇంతే. ఎందుకో రాయలేదు. రాయకపోతే ఏం, చెప్పేవాళ్ళు బోలెడుమంది. తెల్లవారుజామున మంచుకు చెత్త తడిసి బరువెక్కుతుందని ఇంజనీరు అన్నాడు. పాలబండ్లకు అడ్డు రాకూడదనేమో అని హెడ్‌గుమాస్తా అన్నాడు. చీకట్లో చెత్తతో పాటు ఎవరైనా ఏదైనా దాచి పంపేస్తారని కమిషనరు చాలా దూరం ఆలోచించాడు. ఎవరికి వాళ్ళు తమ కారణమే కారణమని ఒకరోజంతా వాదించుకున్నారు.

కారణం ఏదైతేనేం, బండ్లు ఆలస్యంగా బయలుదేరేవి, ఆఖరి వీధికి వచ్చేసరికి నడినెత్తిన ఎండ. పోయిన వేసవిలో బండి మీద పనిచేసే ఒకామె చెత్తడబ్బా చేతిలో ఉండగానే రోడ్డు మీద కూలబడిపోయింది. బతికింది గానీ మళ్ళీ పనిలోకి రాలేదు.

"మీరే రాశారు కదా మామయ్యా, ఇరవై రెండోది ఎందుకు పెట్టారు?" అని ఆ సాయంత్రం భోజనాల దగ్గర కోడలు అడిగింది.

"అవసరం ఉండి పెట్టాం," అన్నారు మామగారు. అని పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అత్తగారు ఫక్కున నవ్వారు. "ఆయన్నడిగితే ఏం చెబుతారే! నన్నడుగు. మీ ఆయన పుట్టిన కొత్తలో, వీడు రాత్రంతా రాగం ఎత్తుకుని సరిగ్గా తెల్లారుతుంటే కన్ను మూసేవాడు. హమ్మయ్య అని నేను నడుం వాల్చానో లేదో, వీధిలో చెత్తబండి గంట. గణగణగణ! వీడు మళ్ళీ మొదలు. ఒకరోజు ఇక నావల్ల కాక బండి పోయేదాకా ఏడ్చాను. ఈయన అక్కడే నిలబడి చూశారు. ఒక్క మాట అనలేదు. వారం తిరక్కుండా పొద్దున్నే బండి రావడం మానేసింది. గుమాస్తా పెళ్ళాం చెబితే గానీ నాకు తెలీలేదు, ఈయన రూలు రాశారని!"

కోడలు ముద్ద ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. పక్కన ఆమె భర్త, ఎవరి నిద్ర కోసం ఊరు ఊరంతా ఇన్నేళ్ళు చెత్త పెట్టుకుని కూర్చుందో ఆ మనిషి, ఇంకాస్త వడ్డించుకున్నాడు. అతని గురక ముందు ఇప్పుడు ఏ గంటా నిలవదు.

"గోటితో పోయేదానికి గొడ్డలి అంటారే, అదీ!" అన్నాడతను నవ్వుతూ.

"నోర్మూసుకో," అన్నారు అత్తగారు. "ఊళ్ళో మొగుళ్ళందరూ పెళ్ళాలకి నగలు చేయించారు. మా ఆయన ఒక్క పూల మొక్క కూడా తెచ్చివ్వలేదు. కానీ నాకోసం ఊరంతా బండ్లు ఆపారు. ఎవరు ఆపుతారు చెప్పు?"

మామగారు పేపరు దించలేదు. పేజీ కూడా తిప్పలేదు.

ఇప్పుడు చెప్పకపోతే తరవాత చెప్పడం ఇంకా కష్టమని కోడలు గొంతు సవరించుకుంది. "అత్తయ్యా, అది కూడా కొట్టేసేవాటిలో ఉంది."

అత్తగారి మొహంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది, కానీ అది నవ్వులా లేదు. "కొట్టెయ్ తల్లీ. నాదేం పోయింది? చంటిపిల్లలున్నారా ఏమన్నా ఇంట్లో," అని కంచం తీసుకుని లేచారు. 

మర్నాడు పొద్దున ఆవిడ కాఫీ గ్లాసు కోడలి ముందు పెట్టి, "మీరు కాఫీ తీసుకోండి," అన్నారు.

అత్తగారు కోడల్ని మీరు అన్నారంటే ఆ ఇంట్లో యుద్ధం మొదలైనట్టే. తిడితే తిట్టించుకోవచ్చు, అలిగితే బతిమాలుకోవచ్చు. మర్యాదకి మందు లేదు. వారం పాటు "మీరు భోంచేశారా", "మీకు ఆలస్యమవుతుందేమో" అంటూ ఆవిడ కోడలి ప్రాణాలు తోడేశారు. మామగారు చూస్తూనే ఉన్నారు, ఎప్పటిలాగే ఒక్క మాట అనలేదు.

కోడలికి అత్తగారి మీద కోపం రాలేదు. జాలి కూడా కాదు. ఒక మనిషికి జీవితమంతా కలిపి అందింది ఒక్క కానుక, అదీ పురపాలక నిబంధనల పుస్తకంలో. దాన్ని తన చేత్తో కొట్టేయాలంటే చెయ్యి రావడం లేదు. ఇన్ని తీసేశాం, ఒక్కటి ఉంటే కొంపలు మునుగుతాయా అనుకుని, ఇరవై రెండో నిబంధనను ఉంచవలసిన వాటిలోకి మార్చేసింది. ఎవరూ అడగలేదు. రెండు రోజులు సుఖంగా గడిచాయి.

మూడో రోజు మధ్యాహ్నం బండ్ల మేస్త్రి వచ్చింది. బండ్లన్నిటికీ పెత్తనం ఆవిడదే. ఎండలోంచి తిన్నగా రావడంతో పెదవులు పగిలి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుర్చీ చూపిస్తే బట్టలు మురికిగా ఉన్నాయని కూర్చోలేదు.

"గుర్రాలవీ కాకులవీ అన్నీ తీసేశారంట కదమ్మా. మాది మాత్రం ఉంచారంట?"

"ఆలోచిస్తున్నాం," అంది కోడలు.

"ఉంచితే ఉంచండి. ఎందుకో చెప్పండి చాలు. మా వాళ్ళు అడుగుతున్నారు. కారణం అంటూ ఉంటే ఎండలోనే తిరుగుతాం, ఇన్నాళ్ళు తిరగలేదా?"

కారణం కోడలికి తెలుసు. ఆ కారణం ప్రస్తుతం కాస్త బట్టతలతో, పక్క వీధిలోని ఆఫీసులో కూర్చుని ఉంది. సిగ్గుతో ఆమెకు చెవులు వేడెక్కాయి. బల్ల మీదున్న నీళ్ళ గ్లాసు మేస్త్రి చేతికిచ్చింది. ఆవిడ గటగటా తాగి, గ్లాసు కింద పెట్టి, జవాబు కోసం నిలబడింది.

"కారణం లేదు," అంది కోడలు. "వచ్చే నెల నుంచి తెల్లవారుజామునే తిప్పుకోండి."

ఆ సాయంత్రమే ఇరవై రెండో నిబంధన మీద అడ్డంగా గీత పడింది, కమిషనరు సంతకమూ పడింది. అభ్యంతరాలు ఉంటే చెప్పుకోమని ఊరికి గడువిచ్చారు. ఒక్కరూ రాలేదు. గంట మాత్రం ఉంచారు. గంట లేకపోతే బండి వచ్చిన సంగతి జనానికి ఎలా తెలుస్తుంది? గుర్రాలు పోయి లారీలు వచ్చినా, ప్రతి లారీకీ డ్రైవరు తలుపు పక్కన అదే ఇత్తడి గంట వేలాడుతోంది.

ఇంట్లో ఈ మాట కోడలే చెప్పింది. "మంచి పని చేశారండీ," అన్నారు అత్తగారు. మామగారు పేపరు మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు.

నెల మారింది. మొదటి రోజు పొద్దున్నే కోడలికి మెలకువ వచ్చేసింది. నిజానికి నిద్రే సరిగా పట్టలేదు. భర్త పక్కన గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. ఎక్కడో రెండు వీధుల అవతల గంట మోగింది. ఊళ్ళో అంత పొద్దున ఆ చప్పుడు వినపడటం చాలామందికి అదే మొదలు. ఆగింది. మళ్ళీ మోగింది, ఈసారి దగ్గరగా. వంటింటి వెనక సందులోంచి కాబోలు. ఇక తమ వీధే.

అప్పుడు వీధి తలుపు గడియ తీసిన చప్పుడయింది.

కోడలు లేచి హాల్లోకి వచ్చి కిటికీలోంచి చూసింది. మసక వెలుతురులో మామగారు ఒక చేత్తో చెత్తడబ్బా పట్టుకుని వీధి మధ్యలో నిలబడి ఉన్నారు. లారీ మలుపు తిరగ్గానే రెండో చెయ్యి ఎత్తారు. బండి ఆగింది. మొదటి రోజు కదా అని డ్రైవరు పక్కన మేస్త్రి కూడా కూర్చుని ఉంది.

"ఏంటయ్యగారూ?"

"మా ఇంట్లో మనిషి నిద్రపోతోంది," అన్నారు మామగారు.

అని గంట నాలుకను గుప్పిట్లో బిగించి పట్టుకున్నారు. మేస్త్రి పోనిమ్మని డ్రైవరుకు సైగ చేసింది. బండి నడక వేగంతో కదిలింది. పక్కనే ముసలాయన, నడుం కాస్త వంగి, గంట వదలకుండా నడుస్తున్నారు. ఇంటి ముందుకు రాగానే తమ డబ్బాను చప్పుడు కాకుండా వంచారు. మూత కింద పడబోతే మోకాలితో ఆపారు. వీధి చివరిదాకా అలాగే వెళ్ళి, అక్కడ గంట వదిలేశారు.

"రేపు కూడా వస్తారా?" అన్న మేస్త్రి గొంతు వినిపించింది.

"వస్తాను. రోజూ వస్తాను."

వెనక ఎవరో ముక్కు చీదినట్టయి కోడలు తిరిగి చూసింది. అత్తగారు. కోడి కంటే ముందు లేచే మనిషి, ఏనాడూ తెల్లవారేదాకా పడుకున్నది లేదు. జుట్టు దువ్వుకుని, మొహం కడుక్కుని, ఎప్పటినుంచో అక్కడ నిలబడి ఉన్నట్టున్నారు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

వీధిలో చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. ఆవిడ ఒక్కసారి ఉలిక్కిపడి, కోడలి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఒసేయ్, నువ్వేం చూళ్ళేదు. నేను నిద్రపోతున్నాను. తెలిసిందా?"

జవాబు వినకుండానే గబగబా గదిలోకి పోయి, మంచమెక్కి, దుప్పటి నిండా కప్పుకున్నారు. మామగారు లోపలికి వచ్చి, చప్పుడు కాకుండా గడియ పెట్టారు.