బ్రూనోకు అలవాటయ్యేదాకా

"ముందు దీనికి ఉచ్చ బయట పోసేది అలవాటు కానీ బిందూ. ఆ తర్వాత పో, ఎన్ని దినాలైనా ఉండిరా."

మా ఆయన మురళీధర్ ఈ మాట అన్నప్పుడు కుక్కపిల్ల ఆయన ఒళ్ళో నిద్రపోతోంది. డోన్‌లో లారీలున్న స్నేహితుడు ఇచ్చాడని ముందురోజే అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చాడు. ఎవరినీ అడగలేదు. పేరు కూడా దార్లోనే పెట్టేశాడు, బ్రూనో అని. ఒళ్ళో పెట్టుకునేది ఆయన వంతు, మిగతాదంతా నా వంతు అని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను అడిగింది పెద్ద కోరికేం కాదు. ఆళ్ళగడ్డలో మా తమ్ముడు మహీధర్ కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి ఆడబిడ్డనని పాలు పొంగించాల్సింది నేను. పొద్దున పోయి పాలు పొంగించి, సాయంత్రం చీకటి పడకముందే నంద్యాలకు వచ్చి వంట చేసే రకం ప్రయాణం నాకు వద్దు. ముందే పోవాలి. అమ్మ పక్కన పడుకోవాలి. ఎవరూ లేపకుండా నిద్ర లేవాలి. లేచాక కాఫీ ఎవరైనా నా చేతికివ్వాలి. ఆళ్ళగడ్డ ఎంత దూరమని, బస్సెక్కితే గంట. ఆ గంట దూరంలో ఉన్న పుట్టింట్లో, మా అమ్మాయి దీపిక పుట్టిన కాన్పు తర్వాత నేను ఒక్క రాత్రి నిలిచింది లేదు. ఆ దీపిక ఇప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఎప్పుడు అడిగినా ఇంట్లో ఏదో ఒకటి ఉండేది. షాపులో సరుకు దిగుతుంది, అత్తమ్మకు మోకాళ్ళు, పండగ, చుట్టాలు. ఈసారి కుక్క.

సరే, కుక్కేగా, ఇన్నేళ్ళు ఈ ఇల్లు నెట్టుకొచ్చినదాన్ని, దీన్ని గెలవలేనా అనుకున్నాను.

దీపిక ఫోన్‌కు వీడియోలు పంపింది. నిద్ర లేవగానే బయటికి తీసుకెళ్ళాలి, తిన్న వెంటనే తీసుకెళ్ళాలి, ఆడి అలిసిపోయాక తీసుకెళ్ళాలి. ఇంట్లో పోస్తే అరవకూడదు, కొట్టకూడదు. బయట పోసిన క్షణంలోనే మెచ్చుకుని నోట్లో ఏదైనా పెట్టాలి. ఆలస్యంగా మెచ్చుకుంటే దేనికి మెచ్చుకున్నారో దానికి అర్థం కాదట. ఆ ముక్క దగ్గర వీడియో ఆపి మళ్ళీ చూశాను. ఈ ఇంట్లో ఆలస్యంగానైనా నన్ను మెచ్చుకున్నవాళ్ళెవరా అని వెతుక్కుంటే, ఒకసారి మా మామగారి మాసికంలో గారెలు బాగున్నాయని పురోహితుడు అన్నది గుర్తొచ్చింది.

కోడిమాంసం ముక్కలు పెట్టమంది ఆ వీడియోలో పిల్ల. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు మాది. బొరుగులు పెట్టాను. వాడు వాటికే పండగ చేసుకున్నాడు.

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. తెల్లవారి లేచి వాకిలి కడిగి ముగ్గు వేయడం నా మొదటి పని. వాణ్ణి బయట దించడం రెండో పని. రెండూ కలిపేస్తే కొంత టైం మిగులుతుందని, చంకనేసుకుని వచ్చి వాకిట్లోనే వదిలేదాన్ని. వాడు కడిగిన బండల మీద, ముగ్గు పక్కన పోసేవాడు. "శభాష్ నాయనా" అని బొరుగులు పెట్టేదాన్ని. వారం తిరక్కుండానే పాఠం వచ్చేసిందని సంబరపడ్డాను, ఆళ్ళగడ్డకు ఏ చీరలు తీసుకుపోవాలో కూడా లెక్క వేసుకున్నాను.

శుక్రవారం అత్తమ్మ ఉమామహేశ్వరమ్మ దేవుడి గది కడిగించి, పీట ముందు తన చేత్తో ముగ్గు వేసింది. బ్రూనో గడప దగ్గర నిలబడి చూశాడు. కడిగిన నేల ఉంది. ముగ్గు ఉంది. వాడికి ఇంకేం కావాలి? బుద్ధిగా లోపలికి నడిచి, పద్మం మధ్యలో పోసి, తోక ఊపుకుంటూ బొరుగుల కోసం నా దగ్గరికి వచ్చాడు.

"అయ్యో, దేవునింట్లో! ఏందే బిందూ, కుక్కకు నువ్వు నేర్పేది ఇదేనా? నీకే తెలీకపాయె, ఇంగ దానికేం నేర్పుతావ్!"

మా ఆయన పడీ పడీ నవ్వాడు. "పసిది గదమ్మా, దానికేం తెలుసు. దాన్నేం అనాకు" అన్నాడు.

దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. అన్నదంతా నన్నే. గది మూడుసార్లు కడిగాను. కడుగుతుంటే, ఇంటర్ పరీక్షలు రాసి నేరుగా ఈ ఇంటికి కోడలిగా వచ్చిన పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల ఒకరోజు దేవుడి దీపాన్ని తెలియక నోటితో ఊది ఆర్పింది. అత్తమ్మ నాలుగు దినాలు మాట్లాడలేదు. "మీ అమ్మ ఏం నేర్పి పంపిచ్చినాదో" అన్నాడు ఈయన, అన్నం తింటూ, తల ఎత్తకుండా. పసిది అని ఆ రోజు ఒక్కరికీ తోచలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ తర్వాత, తడిబట్ట చేతిలో పట్టుకుని, అప్పటి పిల్ల తరఫున ఇప్పుడు ఒళ్ళు మండింది.

మళ్ళీ మొదటికి వచ్చాను. వాకిలి కడగకముందే వాణ్ణి వీధి చివర ఖాళీ ప్లాట్ల దాకా నడిపించాలి. దానికి మెడపట్టీ, తాడు అలవాటు చేయాలి. మొదట్లో తాడు చూస్తే చతికిలబడేవాడు, లేదంటే నన్నే ఈడ్చుకుపోయేవాడు. వీడియోలో పిల్ల చెప్పింది: లాగొద్దు. తాడు బిగిసినప్పుడల్లా మీరు కదలకుండా నిలబడండి. అది వెనక్కొచ్చి తాడు వదులైతేనే ముందుకు నడవండి. కొన్నాళ్ళకు తాడు బిగిసే దాకా కూడా పోదు, ఎంత పొడుగుందో దాని ఒంటికే తెలిసిపోతుంది.

అలాగే అయింది. వాడు నా మోకాలి పక్కన, తాడు వేలాడుతుండగా, ఎంత ముద్దుగా నడిచేవాడో! నేను మాత్రం ఆ వదులు తాడునే చూస్తూ నడిచేదాన్ని. నన్ను కూడా ఎవరూ లాగలేదు. మా ఆయన చేయి చేసుకునే మనిషి కాదు, పోవద్దని ఎప్పుడూ అనలేదు. "ఇప్పుడెందుకు" అంటాడు, "చూద్దాంలే" అంటాడు. నేనే ఆగిపోతాను. మా తమ్ముడు ఫోన్ చేసి ఎప్పుడొస్తావక్కా అంటే, ఈయన చెప్పకముందే నా నోటితో నేనే "ఇప్పుడు కుదరదురా" అనేస్తాను.

అయినా ఆ పొద్దుటి నడక నాకు బాగుండేది. చేతిలో కూరల సంచి లేకుండా, ఎవరింటికో పేరంటానికి కాకుండా, ఊరికే రోడ్డు మీద నడవడం నాకు కొత్త. ప్లాట్ల దగ్గర తుమ్మచెట్ల మీద ఎండ పడేదాకా నిలబడేదాన్ని. వాడి పని అయిపోయినా నిలబడేదాన్ని.

"వాడికి వచ్చేసింది. ఇంట్లో పోయడం మానేశాడు. ఆదివారం పోతానండీ" అన్నాను.

"గేటు తీస్తే రోడ్డు మీదికి ఉరుకుతాండాడు గదా. నువ్వు లేనప్పుడు ఏ లారీ కిందన్నా పడితే? అదొకటి నేర్పిచ్చి పో."

అదీ నేర్పాను. గేటు కొంచెం తెరవడం, వాడు లేస్తే మూసేయడం. కూర్చుంటే బొరుగులు. "పా" అని నేను అన్నాకే బయట అడుగు పెట్టాలి. ముహూర్తం దగ్గరికి వచ్చేసరికి గేటు బార్లా తెరిచినా, ఎదురుగా పిల్లి పోతున్నా, వాడు కూర్చుని నా ముఖం చూసేవాడు.

ముహూర్తం నాలుగు రోజులుందనగా మహీధర్ కారేసుకుని వచ్చాడు. పద్ధతి ప్రకారం అత్తమ్మకు, మా ఆయనకు బొట్టు పెట్టి బట్టలిచ్చాడు. కాఫీలయ్యాక మా ఆయన వాణ్ణి వాకిట్లోకి తీసుకుపోయాడు.

"సూడు మహీ, తమాషా సూడు" అని గేటు రెండు రెక్కలూ తెరిచేశాడు. బ్రూనో కూర్చున్నాడు. "ఇంగ ఎంతసేపైనా అంతే. బిందు చెప్పల్ల, వాడు కదలల్ల. తాడు గూడా అక్కర్లేదప్పా!"

తమ్ముడు నవ్వాడు. "బలే నేర్పినావక్కా. సరే, బట్టలు సర్దుకో. అమ్మ నీ కోసం పొద్దున్నుంచి ఎదురు చూస్తాంది."

"ఇప్పుడెట్ల వస్తాదప్పా?" అన్నాడు మా ఆయన, చాలా మంచిగా. "వీడు పూరా ఈమెకే అలవాటు పడినాడు. ఈమె లేకుంటే మళ్ళీ ఇంట్లో పోస్తాడు. ముహూర్తం పొద్దున నేనే కారులో తీసుకొస్తాలే. పాలు పొంగిచ్చి వచ్చేస్తాం."

నేర్పనిదాకా నేర్పలేదని. నేర్పాక నేర్పానని.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను మెట్టు మీద నిలబడి ఉన్నాను. ఎదురుగా గేటు, గేటవతల తమ్ముడి కారు, మధ్యలో ఏమీ లేదు. బ్రూనో తలెత్తి నా ముఖంలోకి చూస్తున్నాడు, నేను ఏమంటానా అని. నేనెక్కడ చూస్తున్నానో అప్పుడు తెలిసింది నాకు. నేను మా ఆయన ముఖంలోకి చూస్తున్నాను.

సిగ్గేసింది. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

లోపలికి పోయాను. బీరువాలో చేతికందిన నాలుగు చీరలు సంచిలో పెట్టుకున్నాను. పట్టుచీర వెతకడానికి కూడా ఆగలేదు, ఆగితే మనసు మారుతుందని భయం. అత్తమ్మ తలుపు దగ్గరికి వచ్చింది.

"ఏందీ, సంచి? వాడు పొమ్మన్న్యాడా?"

"నేను అడగలేదత్తమ్మా."

సంచి గట్టిగా పట్టుకున్నాను. వాకిట్లోకి వచ్చి వాడి తాడు తీసి మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఎప్పుడూ పట్టుకోలేదు, ఏ కొస ఏదో వెతుక్కుంటూ నా వెనకే గేటు దాకా వచ్చాడు.

"బిందూ, యాడికి? ఏయ్, నిన్నే! మరి వీడు ఇంట్లో పోస్తేనో?"

నేను కారెక్కి తలుపు వేసుకున్నాను. అద్దం దించి, గొంతు పెంచకుండా చెప్పాను.

"తుడవండి."