అమ్మాయిల కాలేజీ రెండో గేటు

నీళ్ల సంగతి తనకు తెలుసునని హేమసుందర్‌కు ఒక ధీమా ఉండేది. గోదావరి డెల్టాలో పుట్టి, కాలవల శాఖలో పనిచేసి వచ్చినవాడు. సౌదీలోని తబూక్ వచ్చాక ఆ ధీమా సడలింది. నేల ఎటు చూసినా చపాతీ పీటలా చదునుగా ఉండేది. వాన ఎప్పుడో ఒకసారి పలకరించి పోయేది.

2006లో అతని ఇంజనీరింగ్ ఆఫీసుకు ఊరి అంచున ఉన్న అమ్మాయిల కాలేజీ విస్తరణ పని వచ్చింది. కొత్త భవనాలు లేస్తే చదివేవాళ్లు రెట్టింపవుతారు. బలదియా, అంటే అక్కడి మునిసిపాలిటీ, రెండు షరతులు పెట్టింది. కాలేజీ ముందు రోడ్డు మీద కార్ల రద్దీ ఇప్పటికంటే పెరగకూడదు. వాన పడితే చుట్టుపక్కల ఇళ్ల మీదికి ఇప్పటికంటే ఎక్కువ నీరు పోకూడదు. ఈ రెండింటికీ దారి చూపించే పని హేమసుందర్ మీద పడింది.

చిక్కేమిటంటే మగవాడు గనక అతను లోపలికి అడుగు పెట్టడానికి వీల్లేదు. సెలవుల్లో చూద్దామంటే హాస్టలుంది. ఆఫీసు డ్రైవరు ఫక్రుద్దీన్‌ను వెంటబెట్టుకుని బయటే తిరిగాడు. తూర్పున పెద్ద గేటు. క్లాసులు వదలకముందే తండ్రులు, అన్నలు, డ్రైవర్లు వచ్చి ఇంజన్లు ఆపకుండా దాని ముందు పాతుకుపోయేవారు. కాపలాదారు మైకులో ఇంటిపేరు పిలిచేవాడు. ఒకే ఇంటిపేరున్న కార్లన్నీ ఒక్కసారిగా ముందుకు దూకేవి. పడమట ఇంకో గేటు, దాని ముందు ఖాళీ రోడ్డు. దాన్ని ఎందుకు వాడరని అడిగితే, అది మూసే ఉంటుందన్నాడు కాపలాదారు. ఎందుకు మూశారంటే తాను వచ్చేనాటికే మూసి ఉందన్నాడు.

నీటి విషయమూ అంతే. సర్వే కాగితాల ప్రకారం నేల పడమటికి వాలి ఉంది. ఎదురుగా టైర్ల షాపతను మాత్రం నీళ్లు పడమట నుంచే వస్తాయన్నాడు. అతని పక్క కొట్టువాడు ఉత్తరం చూపించాడు. ఎవరిని నమ్మాలో హేమసుందర్‌కు తోచలేదు.

ఆఖరికి కాలేజీ వైస్ డీన్ ఒక ఉపాయం చెప్పింది. ఆడవాళ్లెవరినైనా పంపితే తనే తిప్పి చూపిస్తానంది. హేమసుందర్ భార్య అలివేలుమంగ ఇండియన్ స్కూల్లో టీచరు. ఏమేం చూడాలో ఆమెకు రెండుసార్లు అప్పజెప్పి పంపాడు. కెమెరా తీసుకుపోరాదు గనక అన్నీ కళ్లతోనే చూసి వచ్చింది.

"పడమట గేటు లేదండి. గోడే ఉంది," అంది.

"అదేంటి, బయట నుంచి రోజూ చూస్తున్నాను కదా."

"మీరు చూసింది నాకు తెలీదు. నేను చూసింది గోడ."

ఇద్దరూ కాసేపు వాదించుకున్నాక విషయం బోధపడింది. రోడ్డు మీద పోయేవాళ్లకు లోపల కనబడకుండా గేటు వెనకే గోడ కట్టేశారు. అలివేలుమంగ చెప్పినదాన్ని పట్టుకుని హేమసుందర్ ప్లాను గీశాడు. ఆ గోడ తీసి, కాస్త వెనక్కి మరుగు కట్టి, పక్కగా దారి వదిలితే సగం మంది అటు పోవచ్చు. గేటు బయట కార్లు ఆగే చోటు మోచేతి లోతు తగ్గించి కంకర పరిస్తే, సర్వే ప్రకారం ఆవరణలోంచి పడమటికి పారే నీరు అక్కడ నిలిచి ఇంకిపోతుంది. పై ఇంజనీరు సామీ, ఈజిప్టు మనిషి, ఎడారిలో చెరువెందుకని నవ్వుతూనే సంతకం చేశాడు. ప్లాను బలదియాకు పోయి అక్కడే పడి ఉంది.

చలికాలంలో ఒక పొద్దున వాన పట్టుకుంది. మధ్యాహ్నానికి ఫక్రుద్దీన్, హేమసుందర్ కాలేజీకి చేరేసరికి పెద్ద గేటు ముందు మోకాళ్ల లోతు నీళ్లు. కార్లు దగ్గరికి రాలేక రోడ్డు పొడుగునా ఇరుక్కుపోయాయి.

"సార్, నీళ్లు పడమట నుంచి వస్తాండాయి. మనం గీసింది ఇట్లా కాదు గదా," అన్నాడు ఫక్రుద్దీన్.

నిజమే. అప్పుడే అలివేలుమంగ ఫోన్ చేసింది. పిల్లల్ని పడమట నుంచి పంపాలంటే గోడ పగలగొట్టాలి, దానిమీద ఏమైనా ఆని ఉందేమో కనుక్కోమని వైస్ డీన్ ఆమెకు ఫోన్ చేసి అడుగుతోందట. లోపల గోడను చూసింది హేమసుందరూ కాదు, అతని మనుషులూ కాదు. భార్య ఒక్కతే.

"మంగా, గోడ కప్పుకి తగిలిందా?"

"లేదండి. పైన ఆకాశం కనిపించింది."

"పక్క గోడలతో కలిపి కట్టారా?"

ఆమె ఆలోచించింది. "సందుంది. చెయ్యి పట్టేంత."

పైవరస నుంచి ఒక్కొక్క ఇటుకే తీయమన్నాడు. పిల్లల్ని లోపలి భవనంలోకి పంపాక పడమటి గేటు తెరిపించి తండ్రులు, డ్రైవర్లు గునపాలు, జాకీ రాడ్లు పట్టుకొచ్చారు. హేమసుందర్ కూడా చేయి వేశాడు. గోడ దిగాక ఎవరో లారీ టార్పాలిన్ తెచ్చి మరుగు కట్టారు. పడమట నీళ్లు నిలవని మెరక మీద కార్లు వరస కట్టాయి. చీకటి పడకముందే పిల్లలందరూ ఇళ్లకు చేరారు.

మర్నాడు సామీ అతన్ని మెచ్చుకున్నాడు. పడమట గుంట ఉండి ఉంటే నీరు ఆవరణలోకి రాకముందే ఆగిపోయేదట, బలదియా వాళ్లు ప్లాను ఒప్పుకుంటున్నారట. తాను గీసింది బయటికి పోయే నీటి కోసమని, నీటి దారి చూపే బాణం గుర్తులు తలకిందులయ్యాయని హేమసుందర్ చెప్పాడు. సామీకి అర్థం కాలేదు. పనికొచ్చేదాన్ని ఎందుకు మార్చాలన్నాడు. ఆవరణలో పడే నీటికి తూర్పున కూడా గుంట లేకపోతే ఎదుటి ఇళ్లు మునుగుతాయని, మళ్లీ కొలవకుండా ప్లాను వదలనని హేమసుందర్ పట్టుబట్టాడు.

మళ్లీ కొలిచారు. వాలు ఇటూ లేదు, అటూ లేదు. మట్టి పోసి ఎత్తిన రోడ్డు ఎటు తోస్తే నీరు అటే పోతోంది. రెండు గుంటలకూ ఒప్పుకున్నారు. కొలతలు ముగించుకుని హేమసుందర్ పెద్ద గేటు దగ్గర ఆగాడు. అంత నీరూ ఇంకిపోయి నేల అప్పుడే పగుళ్లు తేలుతోంది. ఎటు ఇంకిందో తెలుసా అని ఫక్రుద్దీన్‌ను అడిగాడు. అతను కిందకి చూశాడు, హేమసుందర్ వంక చూశాడు, ఏమో సార్ అన్నాడు.