కొట్టివేత లేని డైరీ

ఇరవై ఆరేళ్లు పోలీస్ స్టేషన్ రైటర్‌గా పనిచేశాను. ఎవరు డ్యూటీ ఎక్కారో, ఎవరు దిగారో రాసే నా డైరీలో ఒక్క కొట్టివేత ఉండేది కాదు. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ ఆ మాటే రాసి సంతకం పెట్టాడు. అది చూసుకుని నేను ఎగిరెగిరి పడ్డమాటా నిజమే. కొత్తగా చేరిన కానిస్టేబుళ్లకు ఆ పుస్తకం తెరిచి చూపించి, "అచ్చు గుద్దినట్టు ఉందా లేదా?" అని అడిగేవాణ్ణి. లేదనే దమ్ము ఎవడికుంటుంది?

ఆ పుస్తకం కోసం ఒక మనిషికి అన్యాయం చేశాను.

మా స్టేషన్ కానిస్టేబులే, అతన్ని అందరం గొడుగు అని పిలిచేవాళ్లం. మండుటెండైనా, మబ్బు లేని రోజైనా నల్ల గొడుగు చంకలో ఉండాల్సిందే. "పెళ్లాన్నైనా మర్చిపోతావేమోగానీ దాన్ని మర్చిపోవురా" అని ఏడిపించేవాణ్ణి. "కొనిచ్చింది పెళ్లామే రైటర్‌గారూ, ఇది పోతే నన్నూ ఇంట్లోకి రానివ్వదు" అనేవాడు.

రాత్రి డ్యూటీవాళ్లు పొద్దున ఎనిమిదింటికి దిగాలి. నాదో పాడలవాటు. ఎనిమిది కాకముందే అందరినీ వరసగా డైరీలో దింపేసి టీకి పోయేవాణ్ణి. ఆ రోజు కూడా అతని పేరు పక్కన 'ఎనిమిది గంటలకు విధి ముగించుకుని ఇంటికి వెళ్లారు' అని రాసేశాను. ఎనిమిదీ పదికి ఫోన్ మోగింది. కూరగాయల సందులో ఎవడో తాగి కత్తి ఊపుతున్నాడట. పగటివాళ్లు ఇంకా రాలేదు. గొడుగు ఒక్కడే గుమ్మం దగ్గర బూటు లేసు కట్టుకుంటున్నాడు.

"నీ దారేగా, ఒకసారి చూసిరా" అన్నాను.

"డైరీలో నన్ను దింపేశారు కదండీ?"

"మళ్లీ ఎక్కించాలంటే కొట్టెయ్యాలి. అయిదు నిమిషాల పనికి అదంతా ఎందుకు, వెళ్లిరా."

"సరే, వచ్చి తీసుకుంటా" అని గొడుగు నా బల్లకు ఆనించి వెళ్లాడు. ఆ సందులో ఒక చిన్నపిల్లకు అడ్డంగా నిలబడ్డాడు. పిల్లకు తగలాల్సిన పోటు ఇతని మెడలో దిగింది. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

పై ఆఫీసువాళ్లు వచ్చి నా డైరీ చూశారు. డ్యూటీ దిగి ఇంటికి పోతూ వీధి గొడవలో తలదూర్చాడని రాసుకున్నారు. హెడ్‌క్వార్టర్స్‌లో ఉన్న స్మారకశిల మీద విధిలో పోయినవాళ్ల పేర్లే చెక్కుతారు. ఇతని పేరు చెక్కడం కుదరదన్నారు. నేను నోరు మెదపలేదు. ఇంకో మూడు నెలలైతే రిటైర్ అవుతాను, తప్పుడు రాత అని తేలితే ఉద్యోగం ఊడుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం ఆ పుస్తకం మీద మమకారం. ఛీ, ఇదీ ఒక బతుకేనా అని ఇప్పుడు అనిపిస్తుంది.

రెండు వారాలకు అతని భార్య స్టేషన్‌కు వచ్చింది. మొదటినుంచీ నన్ను అన్నయ్యా అనే పిలుస్తుంది.

"మీ నాన్న ఎవరితో కొట్టుకుని పోయాడని బళ్లో మా అమ్మాయిని అడుగుతున్నారట అన్నయ్యా. ఆ రాయి మీద ఆయన పేరుంటే తీసుకెళ్లి చూపిస్తా. నాకింకేమీ వద్దు."

"డైరీలో డ్యూటీ దిగినట్టు ఉందమ్మా" అన్నాను, ఆమె మొహం చూడకుండా.

ఆమె చూపు బల్ల పక్కన ఆగింది. గొడుగు అక్కడే ఉంది. పద్నాలుగు రోజులుగా దాన్ని ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు.

"ఇంటికి బయల్దేరిన మనిషి దీన్ని ఇక్కడ వదిలేస్తాడా అన్నయ్యా?"

నిలదీసి అడిగి ఉంటే కసిరి పంపేవాణ్ణేమో, నా నోరు అలాంటిది. ఆమె మామూలుగా అడిగింది.

డైరీ తెరిచాను. మా పనిలో చెరపడానికి వీల్లేదు. తప్పు మీద ఒక్క గీత గీయాలి, కింద పాత మాట కనబడుతూనే ఉండాలి, పక్కన సంతకం పెట్టాలి. గీశాను. గీత వంకరపోయింది. 'ఎనిమిదీ పదికి ఫోన్ వస్తే నేనే పంపాను. అప్పుడు రాయలేదు, ఇవాళ రాస్తున్నాను' అని తేదీ వేశాను.

తర్వాత నన్ను సస్పెండ్ చేశారు. ఆ వేళకు ఫోన్ వచ్చినట్టు విచారణలో తేలింది, శిల మీద పేరు ఎక్కింది. కానీ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆమె వచ్చిన ఆ రోజే. పుస్తకం ఆమె వైపు తిప్పి, "క్షమించమని అడిగే మొహం కూడా లేదమ్మా" అన్నాను.

ఆమె నేను కొత్తగా రాసింది చదివింది. తిట్టలేదు. తర్వాత ఆమె వేలు పైకి జరిగి, గీత కింది మాటల మీద ఆగింది. 'ఇంటికి వెళ్లారు.' చాలాసేపు వేలు తియ్యలేదు.

"ఆ పూట తలుపు గడియ తీసి పెట్టుకుని కూర్చున్నాను అన్నయ్యా" అంది. "ఇదే నిజమైతే ఎంత బాగుండేది."

గొడుగు తీసుకుని చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.