ఉన్న నాలుక

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నా సంగతి అంతకన్నా అన్యాయం. నేను మందేసుకున్నది కాలి బొటనవేలి గోటికి.

హాస్టల్ వంటగదిలో రోజంతా తడి నేల మీద నిలబడే పని నాది. గోరు పసుపెక్కి, దళసరిగా అయి, చెప్పు తగిలితే ప్రాణం లాగేసేది. ఫంగస్ అని డాక్టరు మాత్రలు రాశాడు. గోరు బాగయింది. ఒకరోజు పొద్దున మాత్రం టీ తాగితే వేడినీళ్లు తాగినట్టుంది. కొన్నాళ్లకి కూరలో ఉప్పు తెలియలేదు, ఆ తర్వాత ఇక ఏదీ తెలియలేదు. మందు మానేస్తే రుచి తిరిగొస్తుందన్నారు. ఏళ్లు గడిచాయి, రాలేదు. వంటమనిషికి నాలుక పోవడమంటే ఏమిటో మళ్లీ ఎవరికీ విడమరచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇప్పుడు ఉప్పూ కారం చూసేది నాతోపాటు అదే వంటగదిలో పనిచేసే మా అమ్మాయి. గరిటతో కాస్త తీసి దాని అరచేతిలో వేస్తాను. అది నాకి తలూపుతుంది, లేదా పెదవి విరుస్తుంది. మా ఇద్దరి ఉద్యోగమూ ఆ ఒక్క నాలుక మీదే నడుస్తోంది. అందుకే పోయినేడు దాని గోరు కూడా పసుపెక్కితే, అదే డాక్టరు అదే మాత్ర రాసిస్తే, ఆ చీటీ చింపి పొయ్యిలో పడేశాను. వేడినీళ్లు, ఆయింట్‌మెంటు, పొడిబట్ట చాలన్నాను. మెల్లిగా తగ్గింది. ఆ డాక్టరు కన్నా నేనే నయమని కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాను.

ఆ మాత్ర వల్ల నాలుక పోయినవాళ్లం ఇంకొందరం ఉన్నాం. టైలరు షాపు మీది గదిలో నెలకోసారి కలుస్తాం. బస్సు డ్రైవరు, లెక్కల మాస్టారు, నేను ఎప్పుడూ తప్పం. మిగతావాళ్లు వస్తే వచ్చినట్టు. మూలనున్న కరెంటు పొయ్యి మీద టీ పెట్టడం నా వంతు, కప్పులు అందించడం మా అమ్మాయి వంతు. మాట్లాడుకునేది మాత్రం ఎప్పుడూ ఒకటే, మనకే ఎందుకయిందని. ఈసారి దానికి జవాబు వెతికే పరిశోధకురాలే వస్తోందని తెలిసి గది నిండిపోయింది.

చూస్తే చిన్నపిల్ల. ఒకే మందు కొందరి రుచి తినేసి కొందరి జోలికి ఎందుకు పోదో మన జన్యువుల్లో ఉండొచ్చని, అవి ఉమ్మిలో కూడా దొరుకుతాయని చెప్పి, తలా ఒక చిన్న గొట్టం నింపి ఇవ్వమంది.

డ్రైవరుకి మండింది. "మా ఉమ్మి తీసుకుని మా నాలుక తెచ్చిస్తారా?"

తేలేమని, ఇకముందు ఎవరికి ఆ మందు రాయకూడదో తెలిసే వీలుందని ఆ పిల్ల మెల్లిగా అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనన్నాడు డ్రైవరు. మాస్టారు ఆయన్ని కూర్చోబెట్టి, ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. ఏళ్లు పట్టొచ్చట. అసలు ఏమీ దొరక్కపోవచ్చట కూడా. నిజమే చెప్పింది పాపం, కానీ ఒక చిన్న అబద్ధమైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

నాకు కావలసింది ఒక్కటే, అదే అడిగాను. "నా సంగతి వదిలెయ్యమ్మా. మా అమ్మాయి నాలుకకి కూడా ఈ ముప్పు ఉందా, లేదా? అది చెప్పు చాలు."

"ఒక్కొక్కరికి విడిగా చెప్పలేమండీ. అందరివీ కలిపి చూస్తేనే ఏదైనా తెలుస్తుంది. ఒకరి ఉమ్మి చూసి చెప్పేంత మాకింకా తెలియదు," అంది.

మరి ఎందుకొచ్చినట్టు? ఇన్నాళ్లూ డాక్టర్ల గుమ్మాలు తొక్కి విన్నదీ ఇదే కదా. విసురుగా గొట్టం అందుకున్నాను. ఈ అరగంటలో ఏమైనా తిన్నారా, తాగారా అని ఆ పిల్ల ఆపింది. లేదనబోయి నాలుక్కరుచుకున్నాను. ఇందాకే టీ దించుతూ నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని నాకాను. చక్కెర సరిపోయిందో లేదో చూడ్డానికి! తాగేవాళ్లకి రుచి తెలియదు, చూసినదానికీ తెలియదు. ఎన్నేళ్లయినా ఈ చెయ్యి మాత్రం అలవాటు మానలేదు. డ్రైవరు పడీపడీ నవ్వాడు. నన్ను అరగంట ఆగమని గోడ పక్కన కూర్చోబెట్టారు.

టీ ముట్టకుండా అందరూ ఇచ్చేశాక ఆ పిల్ల ఇంకో మాట అంది. ఇదే మందు వాడి ఏమీ కానివాళ్లు కూడా కావాలట, వాళ్లతో పోల్చి చూడాలట. మా ఇళ్లలోనే ఎవరైనా ఉంటే మరీ మంచిదట. "నాకేం కాలేదే" అనేవాళ్లంటేనే మాకు ఒళ్లుమంట. అలాంటివాళ్లని ఈ గది మెట్లెక్కనిచ్చింది ఎప్పుడు?

కప్పుల దగ్గర నిలబడ్డ మా అమ్మాయి చెయ్యెత్తింది.

"నేను వాడాను. పోయినేడు, కోర్సు మొత్తం."

నేను చింపింది ఒక కాగితం ముక్కని. ఇంకోటి రాయించుకోవడం ఎంతసేపు? నా వేడినీళ్ల గొప్పంతా అక్కడే కారిపోయింది. "నీకేం కాలేదా తల్లీ?" అని డ్రైవరు అడిగాడు. ఆయన గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు. తల్లీ కూతుళ్లు, ఒకే మందు, ఒకరికి పోయింది, ఒకరికి పోలేదు, ఇలాంటివాళ్లు దొరకడం అదృష్టమని పరిశోధకురాలి మొహం వెలిగిపోయింది. ఆ మొహం మీద టీ పోసెయ్యాలనిపించింది. ముందు భయమేసింది. దానికి ముప్పు తప్పిందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకాలే, చెప్పుకుంటే సిగ్గుచేటు, కన్నకూతురి మీద అసూయ కలిగింది.

అది ఉమ్మి ఇచ్చేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే వేసుకోనిచ్చేదానివా? నొప్పికి నిలబడలేకపోయానమ్మా. పోయినేటి నుంచి నీకన్నా ముందే లేచి వంటగదిలోకి వెళ్తున్నాను కదా."

అవును. బాధ్యత తెలిసొచ్చిందని నేను మురిసిపోయాను కూడా.

"వెళ్లి ఒక ఉప్పుకల్లు నాలుక మీద పెట్టుకుంటాను. ఇంకా తెలుస్తోందా లేదా అని."

రుచి పోతున్న రోజుల్లో నేనూ అదే చేసేదాన్ని. తర్వాత తిట్టుకోవడానికైనా, ఏడవడానికైనా నాకీ గది దొరికింది, డ్రైవరూ మాస్టారూ దొరికారు. దానికి చెప్పుకోవడానికి ఉన్నది నేనొక్కదాన్నే. దానికి భయమేసింది నా నాలుక పోయినందుకు, చెప్పలేకపోయింది నా కోపం చూసి.

"కోర్సు అయిపోయిందిగా. ఇంకా ఎందుకు చూసుకోవడం?"

"మానేశాక నెలలకి పోయినవాళ్లు కూడా ఉన్నారని ఈ గదిలోనే విన్నాను."

అరగంట అయిందని పరిశోధకురాలు గొట్టం పట్టుకుని వచ్చింది. ఆగమన్నాను.

"రేపు నన్ను కూడా లేపు," అన్నాను మా అమ్మాయితో. "నా ఎదురుగా చూసుకో."