మీఠా సోడా

మా నాన్న నాకు నేర్పిన వ్యాపారసూత్రం ఒక్కటే. గల్లా ముందు కూర్చున్నవాడు సరుకు నోట్లో వేసుకోకూడదు. శాలిబండలోని మా కిరాణా కొట్టులో నలభై ఏళ్లుగా ఆ మాట తప్పలేదు నేను. మిర్చి బజ్జీలవాళ్లకూ, హోటళ్లవాళ్లకూ మీఠా సోడా, అదే వంటసోడా, బస్తాలకు బస్తాలు అమ్మాను. చిటికెడు నాలుక మీద వేసుకుని చూసింది లేదు. పేరులోనే తీపి ఉంది కదా, ఇంకా చూసేదేముంది?

మా ఆవిడ విజయలక్ష్మి ప్రతి ఆదివారం కుక్కర్ అడుగున ఉప్పు పోసి, అందులో గిన్నె పెట్టి, గుడ్డు లేని కేకు చేసేది. నేను తినడమే తప్ప వంటింట్లోకి తొంగిచూసిన పాపాన పోలేదు. ఆమెకు అన్నీ తొందరే. "జల్దీ తిను, జల్దీ షట్టర్ తియ్" అంటూ రోజుకు వందసార్లు వెంటపడేది. ఒకసారి విసుగొచ్చి, "నీ జల్దీ పాడుగాను, జర నోరు మూస్తవా?" అన్నాను. ఇప్పుడా మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు నెలల కింద పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి, మాట పడిపోయాయి. చెయ్యి కాస్త కదులుతోంది. మాట మాత్రం రాలేదు. "ఆమెకు ఇష్టమైనవి కళ్ల ముందు పెట్టండి, మాట్లాడాలని ఆమెకే అనిపించాలి" అన్నాడు డాక్టరు. ఆమెకు ఇష్టమైనవాటిలో నాకు తెలిసింది ఆ కేకొక్కటే. సిగ్గుచేటు, కానీ నిజం.

మైదాలో పాలు పోసి కలిపాను. ఆమెకు షుగర్ ఉంది కాబట్టి చక్కెర సగానికి తగ్గించి, ఆ లోటు తీరేలా మూడు చెంచాల మీఠా సోడా వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. కేకు నల్లబడి, మధ్యలో కుంగిపోయి దిగింది. లక్ష్మి ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కొంగుతో నాలుక తుడుచుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. నా ప్రాణం ఉసూరుమంది.

మా మేడ మీద అద్దెకుండే సీతారావమ్మగారిది కాకినాడ. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. ఆవిడకు ఒక ముక్క ఇచ్చాను.

"సబ్బు కొరికినట్టుందండీ అన్నయ్యగారూ! సోడా ఎంత వేశారేంటి?"

"మూడు చెంచాలు ఏసిన. మీఠానే గదమ్మా?"

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వారు. "పేరులో తప్ప అందులో తీపెక్కడిదండీ! సోడాకి పులుపు తగలాలి. అప్పుడే గాలి పుట్టి పిండిని లేపుతుంది. కప్పు పెరుగు వేసి, సోడా అర చెంచా వేయండి చాలు. బేకింగ్ పౌడరైతే పులుపు దాంట్లోనే కలిపి ఉంటుంది, పాలు పోసినా పర్లేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. కలిపాక నిలబడి చూడకూడదు. ఆ గాలి ఎవరి కోసమూ ఆగదండీ, వెంటనే పొయ్యెక్కించేయాలి."

మరుసటి ఆదివారం లక్ష్మిని వంటింటి గుమ్మంలో కుర్చీలో కూర్చోబెట్టి పని మొదలుపెట్టాను. పెరుగులో సోడా పడగానే బుసబుసమంటూ నురగ లేచింది. మైదా, చక్కెర, నూనె వేసి కలిపితే పిండి నిండా బుడగలు. నలభై ఏళ్లు అమ్మిన సరుకు చేసే పని మొదటిసారి చూస్తున్నాను. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

వెనక నుంచి తలుపు మీద దబదబా బాదిన చప్పుడు. తిరిగి చూశాను. లక్ష్మి ఎడమచేత్తో తలుపు కొడుతోంది. ముఖం ఎర్రబడింది. పెదవులు వంకర తిరుగుతున్నాయి.

"జ... జల్దీ!"

"ఏందీ? మల్లొక్కపారి అను లక్ష్మీ!"

"జల్దీ!" అంటూ కుక్కర్ వైపు చెయ్యి చూపించింది.

గిన్నె పక్కన పెట్టి, ఆమె కాళ్ల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆమె నా నెత్తిన ఒక్కటి మొట్టి, మళ్లీ కుక్కర్ వైపు చూపించింది. నేను లేచేసరికి బుడగలు సగం చచ్చిపోయాయి. కేకు రెండు వేళ్ల ఎత్తు కూడా పొంగలేదు. అయినా లక్ష్మి రెండు ముక్కలు తింది.

సోడా సంగతి ఇప్పుడు నాకు బాగా తెలుసు. వచ్చే ఆదివారం కూడా పిండి కలిపి, గరిటె పట్టుకుని కాసేపు ఊరికే నిలబడతాను.