ఎర్ర పట్టీ, పసుపు పట్టీ

గట్టిమేళం మొదలైన క్షణంలో జాన్సన్ ఎడమచెయ్యి తప్పు వైపు తిరిగింది.

పులివెందులలో ఆ కల్యాణ మండపం కిక్కిరిసి ఉంది. వేదిక మీద పెళ్లికొడుకు తాళి పట్టుకుని లేచాడు. కుడివైపు ఆడపెళ్లివాళ్ల ఫొటోగ్రాఫర్ జాన్సన్, ఎడమవైపు మగపెళ్లివాళ్ల ఫొటోగ్రాఫర్ సాకేత్. ఈ పక్క పెళ్లిళ్లలో ఎవరి ఫొటోగ్రాఫర్‌ను వాళ్లు తెచ్చుకుంటారు. వియ్యంకుడి ఫొటోల మీద ఆధారపడటం నామోషీ.

పెళ్లికూతురు హర్షిణి తల వంచింది. ఆ మెడా, ఆ వేళ్లూ, ఆ ముడీ మాత్రమే పడాలనుకున్నాడు జాన్సన్. లెన్సు మీది జూమ్ రింగు తిప్పాడు. దగ్గరికి రావలసిన అమ్మాయి దూరంగా వెళ్లిపోయింది. ఫ్రేము నిండా అక్షింతలు విసిరే చేతులు. కంగారులో నొక్కేశాడు. ఫ్లాష్ వెలిగింది. పట్టుచొక్కా వేసుకున్న ఎవరిదో మోచెయ్యి పడింది. రింగు వెనక్కి తిప్పి చూసేసరికి మూడు ముళ్లూ అయిపోయాయి.

పదిహేనేళ్లుగా జాన్సన్ చేతిలో ఉన్నది ఎర్ర పట్టీ కెమెరా. ఈ రోజు ఉన్నది పసుపు పట్టీది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఫొటోగ్రాఫర్లంతా ఈ రెండు కంపెనీల కింద రెండు పార్టీలుగా చీలి ఉంటారు. మెడలో వేలాడే పట్టీ రంగు చూస్తే ఎవరు ఏ పార్టీయో తెలిసిపోతుంది. ఒకదాని లెన్సు ఇంకోదానికి ఎక్కదు. బ్యాటరీ పట్టదు, చార్జరు పనికిరాదు. ఎర్ర పట్టీలో రింగు ఒకవైపు తిప్పితే, పసుపు పట్టీలో రెండోవైపు తిప్పాలి.

ఆ కెమెరా ప్రొద్దుటూరు జహీర్‌ది. జాన్సన్‌కు మొదటి పెళ్లి ఆర్డరు ఇప్పించింది అతనే. కుడికన్ను మసకబారి, జహీర్ ఇప్పుడు సామాను మొత్తం అమ్మేస్తున్నాడు. చీకటి మండపంలో కూడా పట్టపగల్లా తీసే అతని పెద్ద లెన్సు కోసం సాకేత్ తిరుగుతున్నాడు. ఎర్రగుంట్ల కుర్రాడు సాకేత్‌ది పసుపు పార్టీయే. అయినా జహీర్ ముందు జాన్సన్‌నే పిలిచాడు.

"ఒక పెండ్లి తీసి చూడప్పా. నచ్చితే నీదే. వద్దంటేనే ఆ ఎర్రగుంట్ల పిల్లోనికి ఇస్తా."

రెండు పార్టీల కెమెరాలూ ఉన్నవాడు మూడు ఊళ్లలో ఎవడూ లేడు. ఆ ఒక్కడు తానే కావాలనుకున్నాడు జాన్సన్. అంతకంటే ఎక్కువగా, ఆ లెన్సు సాకేత్ చేతికి పోకూడదనుకున్నాడు. ఇంట్లో నాలుగు రోజులు ప్రాక్టీసు చెయ్యకుండానే నేరుగా పెళ్లికి తెచ్చేశాడు.

"జాన్సనూ, తాళి ఫొటో చూపిచ్చప్పా. మా అమ్మకు ముందరోళ్లు అడ్డమొచ్చి ఏమీ అగుపడల్యాంట."

అడిగింది పెళ్లికూతురి తండ్రి బాలసుబ్బయ్య. రిటైరైన టీచరు. ఎనభై దాటిన తల్లి గోవిందమ్మను చెయ్యిపట్టుకుని తీసుకొచ్చాడు.

మోచెయ్యి పడ్డ ఫొటోను జాన్సన్ అంతకుముందే తుడిచేశాడు. నోటికి మొదట వచ్చిన మాట అనేశాడు.

"ఆ టయానికి కెమెరా ఆగిపోయింది సార్. ఇది నాది కాదు. జహీరన్నది."

"ఆగిపోయిందా?"

"బిగుసుకపోయింది సార్. నొక్కినా పనిచెయ్యల్యా."

బాలసుబ్బయ్య ముఖం మాడిపోయింది. "చెడిపోయిన కెమెరా ఇచ్చి పంపిచ్చినాడా? పెండ్లికి? వీడియో ఉందిలే అంటావేమో, దాన్లో నుంచి పీకిన ముక్క గోడకు పెట్టుకుంటామా?"

"మల్ల కట్టినట్టు నిలబడితే తీసేస్తా సార్. ఒక్క నిమిషం పని."

గోవిందమ్మ అతన్ని తేరిపార చూసింది. "తాళి రెండు తూర్లు కట్టరు నాయనా."

వెనక నిలబడి బ్యాటరీ మార్చుకుంటున్న సాకేత్ ఆ మాటలన్నీ విన్నాడు.

*

ఆదివారం జమ్మలమడుగులో చర్చి నుంచి వస్తూ భార్య హెప్సిబా అడిగింది.

"ఇంతకూ ఆ కెమెరా తీసుకుంటారా, లేదా?"

"చూస్తాండా."

"చూసేదానికేముంది? దీని లెన్సు దానికి పట్టదు. దాని బ్యాటరీ దీనికి పట్టదు. ఇద్దరు కోడండ్లకు రెండు వంటిండ్లు కట్టిచ్చినట్టుంది మీ యవ్వారం. ఉండేది మీకు రెండు చేతులే."

అతను బండి గేరు మార్చాడు.

"అయినా చెడిపోయిందంట గదా అది. జహీరన్న ఇంటామె ఫోన్ చేసింది, నూరున్నీసా. ఆ ఎర్రగుంట్ల పిల్లోడు వద్దనేసినాడంట. చెడిపోయిన కెమెరా నాకెందుకన్నాడంట. జహీరన్న నిన్న బస్సెక్కి పులివెందులకు పోయొచ్చినాడు. తెలుసునా మీకు?"

జాన్సన్ బండి ఆపాడు. "పులివెందులకా? ఎందుకు?"

"క్షమాపణ అడగనీకి. నా కెమెరా వల్ల మీ పాప పెండ్లి ఫొటో పాయె అని. ఆ పంతులయ్య వాకిట్లోనే నిలబెట్టి పంపిచ్చినాడంట. కూర్చోమని గూడా అనల్యాంట. పెద్దమనిషిని అట్లెవరన్నా నిలబెడతారా?"

ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది. జాన్సన్ బండి మళ్లీ తీశాడు. ఒక్క ఫోన్ చేసి నిజం చెబితే సరిపోతుంది. జేబులో ఫోన్ ఉంది. ఇంటికి వెళ్లాక చేస్తాననుకున్నాడు. ఇంటికి వెళ్లాక, నేరుగా వెళ్లి చెబితే మర్యాదగా ఉంటుందనుకున్నాడు.

సోమవారం ప్రొద్దుటూరు వెళ్లాడు. మేడమీది గదిలో జహీర్ స్టూడియో. పెళ్లి మర్నాడే జాన్సన్ మనిషి చేత పంపిన పసుపు పట్టీ కెమెరా బల్ల మీద ఉంది. దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు జహీర్.

"రాప్పా. ఏ మొగం పెట్టుకోని నీకు ఫోన్ చేయాల్నా అనుకుంటాండా. నా కెమెరా నీ పేరు పోగొట్టింది."

"అన్నా, అది..."

"మూడు రోజులుగా నొక్కుతాండా. ఒక్కసారీ ఆగల్యా. నా కంటికి అగుపడని తప్పేదో లోపల ఉంటాది. ఎండకు ఆగుతాదేమోనని మేడ మీద గూడా పెట్టి చూసినా." అతను తల ఎత్తలేదు. "నేను చూసుకోని ఇయ్యాల్సింది. ఈ కన్ను నమ్ముకోని ఇచ్చినా."

ఇప్పుడు చెప్పాలి. అంతలో జహీరే మాట్లాడాడు.

"ఇంగ దీన్ని ఎవురూ కొనరు. నువ్వు తీసుకోప్పా. దుడ్లు వద్దు. లెన్సన్నా పనికొస్తాది. నీకు జరిగిన నష్టానికి అనుకో."

జాన్సన్ చూపు లెన్సు మీద పడింది. పైసా ఇవ్వకుండా తనదవుతుంది. సాకేత్‌కు పోదు. తలలో ఆ లెక్క దానంతట అదే నడిచింది. అది నడుస్తోందని తెలిసేసరికి అతనికి తన మీద తనకే రోత పుట్టింది. అయినా నిజం చెప్పలేదు.

"ఊరికే ఎట్లా తీసుకుంటానన్నా" అన్నాడు. అంతే అన్నాడు.

"సరే, అయితే ఒక పని. పదహారు రోజుల పండగ ఉంది గదా వాళ్లింట్లో. ఆ ఫొటోలు ఊరికే తీసిస్తానని సారుకు చెప్పినా. ఇదే కెమెరాతో తీస్తా. నువ్వు గూడా రా, నీ ఎర్ర పట్టీ తీసుకోని. ఇది మల్ల ఆగితే నువ్వన్నా తీస్తావు."

*

జాన్సన్ బండి మీద వెనక కూర్చుని జహీర్ పులివెందుల వచ్చాడు. దారి పొడవునా సిమెంటు లారీలు, దుమ్ము. కెమెరా సంచీని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాడు. రెండుసార్లు జాన్సన్ బండి ఆపాడు. ఒకసారి టీ తాగుదామన్నాడు. ఇంకోసారి ఊరికే ఆపాడు.

బాలసుబ్బయ్య ఇంట్లో చుట్టాలంతా పోగయ్యారు. పుట్టింటి పుస్తె, మెట్టింటి పుస్తె ఒక్క గొలుసులో గుచ్చుతున్నారు. కన్ను కష్టపెట్టుకుని తీస్తున్నాడు జహీర్. కెమెరా ఆగలేదు.

"ఈపొద్దు బాగానే పలుకుతాండాదే నీ కెమెరా" అన్నాడు బాలసుబ్బయ్య. "పెండ్లినాడు ఏమొచ్చింది దానికి?"

"తప్పు నాదే సార్."

అప్పుడే మగపెళ్లివాళ్లు వచ్చారు. వాళ్లతో సాకేత్ కూడా వచ్చాడు, చేతిలో పెద్ద ఫ్రేము పెట్టుకుని. వియ్యంకుడు దాన్ని నలుగురికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు.

"తాళి ఫొటో మీకు లేదంటిరి. మావోడు తీసినాడు కాబట్టి సరిపాయె. గోడకు పెట్టుకోండి బావా."

ఎత్తిపొడుపు అని అందరికీ తెలుసు. బాలసుబ్బయ్య పళ్లు బిగపట్టి రెండు చేతులతో అందుకున్నాడు.

ఫొటో చాలా బాగుంది. హర్షిణి వంచిన మెడ, మూడోముడి వేస్తున్న వేళ్లు, గాలిలో ఆగిపోయిన అక్షింతలు. వాటి వెనక, ఒక మూలన, తెల్లగా మెరిసే వెలుగు.

గోవిందమ్మ ఆ వెలుగు మీద వేలు పెట్టింది. "నచ్చత్రం మాదిరి ఉందే. తాళి కట్టేటప్పుడు నచ్చత్రం పడింది మా పాపకు."

జాన్సన్ గుర్తుపట్టాడు. అది నక్షత్రం కాదు, ఎదురుగా వెలిగిన ఫ్లాష్. ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఒకరి ఫ్లాష్ ఇంకొకరి ఫొటోలో అలా పడుతుంది. ఆ వెలుగు కింద వేలాడుతున్న పసుపు పట్టీ కూడా స్పష్టంగా కనబడుతోంది. బిగుసుకుపోయిన కెమెరా మీద ఫ్లాష్ వెలగదు.

"ఏదమ్మా, ఒకసారి ఇయ్యి" అన్నాడు జహీర్.

ఫ్రేము తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఎడమకంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల తిప్పి జాన్సన్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఊరూ పేరూ తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. వెళ్లి ఫ్రేమును గోవిందమ్మ చేతికిచ్చేశాడు.

"బాగుందమ్మా. నక్షత్రమే."

"చూసినావా?" అన్నాడు బాలసుబ్బయ్య. "ఇట్లాంటిది ఒక్కటి తీసింటే నేను ఈపొద్దు ఈ మాట పడేవాణ్ణి కాదు గదప్పా. మంచి కెమెరా ఇచ్చి పంపిచ్చింటే నీ సొమ్మేం పోయేది?"

"తప్పు నాదే సార్" అన్నాడు జహీర్ మళ్లీ.

అంతటితో అయిపోయింది. వియ్యంకుడు భోజనాల గురించి అడుగుతున్నాడు. జాన్సన్ మాట్లాడకపోతే ఇక ఎవరూ మాట్లాడరు. నిజం తెలిసినవాడు తలుపు మూసేసి తాళంచెవి జాన్సన్ చేతికే ఇచ్చాడు.

"కెమెరా ఆగల్యా సార్" అన్నాడు జాన్సన్.

బాలసుబ్బయ్య "ఏందీ?" అన్నాడు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి కంటే రెండోసారి కష్టమైంది.

"కెమెరా ఆగల్యా. నాకు ఆ కెమెరా అలవాటు లేదు. చెయ్యి తప్పుగా తిప్పినా. ఫొటో పాయె. మీరు అడిగితే భయపడి జహీరన్న మీదకు తోసినా. ఆ నక్షత్రం నా ఫ్లాషే. ఈయన తప్పు ఏమీ లేదు."

తిట్లు పడతాయని చూశాడు జాన్సన్. పడితే కొంచెం తేలికగా ఉండేది. బాలసుబ్బయ్య అతని వైపు చూడనే లేదు. జహీర్ వైపు చూస్తున్నాడు.

"ఆపొద్దు నువ్వు బస్సు దిగి నా వాకిట్లోకి వచ్చినావు" అన్నాడు నెమ్మదిగా. "కూచో అని గూడా అనల్యా నేను. పిల్లలకు పాఠాలు చెప్పినోణ్ణి."

"ఎండలో వచ్చిన మనిషికి నీళ్లన్నా ఇచ్చినావా?" అంది గోవిందమ్మ.

బాలసుబ్బయ్య లోపలికి తిరిగి నీళ్లు తెమ్మని కేకేశాడు.

"కుర్చీ ఎయ్యండి ఆయప్పకు" అంది ముసలామె. తనే తన పక్కనున్న కుర్చీని జరిపింది. జహీర్ కూర్చున్నాడు. కెమెరా ఒళ్లో పెట్టుకున్నాడు. ఎవరో నీళ్లు తెచ్చిచ్చారు. జాన్సన్ నిలబడే ఉన్నాడు. అతన్ని వెళ్లమనీ ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు.

భోజనాలయ్యాక వాకిట్లో జహీర్‌ను కలుసుకున్నాడు.

"అన్నా, ఆ కెమెరా నేనే తీసుకుంటా. నువ్వు ముందు చెప్పిన రేటుకే."

"వద్దులేప్పా."

"ఊరికే కాదన్నా. మొత్తం ఇస్తా."

"నీ చేతికి ఇది అలవాటు కాదు. నీకు నీ ఎర్ర పట్టీ ఉంది గదా, దాంతోనే తియ్యి." జహీర్ సంచీ భుజం మార్చుకున్నాడు. "ఆపొద్దే నాకు ఫోన్ చేసి, అన్నా, చెయ్యి తప్పింది అనింటే నవ్వేవాణ్ణి. నా చెయ్యి తప్పినవి ఎన్ని పెండ్లిండ్లో నీకేం తెలుసు."



జహీర్ గేటు దగ్గర బండి తీస్తున్న సాకేత్‌ను పిలిచాడు. "ఏం సాకేతూ, ఇంగ కొంటావా? చెడిపోల్యా అని తెలిసింది గదా."

"ఎందుకు కొననన్నా?" అన్నాడు సాకేత్. జాన్సన్ వైపు ఒక్క క్షణం చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. అతనూ ఫొటోగ్రాఫరే. తన ఫొటోలో ఏముందో అతనికి మొదటి రోజే తెలిసి ఉంటుందని, తెలిసే రేటు తగ్గుతుందని వద్దన్నాడేమోనని జాన్సన్‌కు అప్పుడు తట్టింది.

"అయితే నడువు. ఎర్రగుంట్ల దాకా నీ వెనకాలే వస్తా. ఆడనుంచి నాకు బస్సుంది."

"అన్నా, నేను ప్రొద్దుటూరు మీదనే పోతాండా గదా" అన్నాడు జాన్సన్. "ఇంటికాడ దింపుతా."

"ఎందుకులేప్పా. నీకు శ్రమ."

పొద్దున వచ్చేటప్పుడు ఆ మాట లేదు. సాకేత్ బండి ఎక్కి జహీర్ వెళ్లిపోయాడు. సంచీలోంచి వేలాడుతున్న పసుపు పట్టీ గాలికి అతని వీపు మీద కొట్టుకుంటూ వీధి మలుపు దాకా కనబడింది.

జాన్సన్ తన సంచీ సర్దుకున్నాడు. అడుగున చేతికి ఏదో గట్టిగా తగిలింది. పెళ్లికి ముందు జహీర్ ఇచ్చిన చార్జరు. కెమెరా తిప్పి పంపిన రోజు మర్చిపోయాడు. తన బ్యాటరీలకు అది పట్టదు, ఎందుకూ పనికిరాదు. మనిషి చేత పంపిస్తే సరిపోతుందనుకున్నాడు.

ఆ ఆలోచన రాగానే, కెమెరానూ అలాగే పంపిన సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. చార్జరు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బరువుకు జేబు కిందికి జారింది. వెనకసీటు ఖాళీగా పెట్టుకుని, ప్రొద్దుటూరు వైపు బండి తిప్పాడు. బస్సు కంటే ముందే వెళ్లి ఆ మేడమెట్ల కింద నిలబడాలి.